జడ్సన్ జ్వరం

దొరవారిసత్రం మండలంలో పులికాట్ సరస్సు వైపు పోయే దారి మీది ఊళ్ళలో ఎవరి బర్రె ఎదకు వచ్చినా ముందు ఫోన్ పోయేది జడ్సన్‌కే. జడ్సన్ గోపాలమిత్ర. అంటే పశువుల డాక్టరు కాదు. ఇంటింటికీ తిరిగి బర్రెలకూ ఆవులకూ చూడి కట్టడానికి సూది వేసే మనిషి. బండి వెనక వీర్యం చెడకుండా ఉంచే నైట్రోజన్ క్యాను, హ్యాండిల్‌కు వేలాడే సంచిలో భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగులు, చొక్కా జేబులో ఎప్పుడూ మోగుతుండే ఫోను. అతను రోడ్డు మలుపు తిరగకముందే బండి చప్పుడు గుర్తుపట్టి ఆడవాళ్ళు బకెట్లో నీళ్ళు, సబ్బుముక్క తెచ్చి పెట్టేవాళ్ళు.

పని మొదలుపెట్టే ముందు బర్రెతో మాట్లాడటం అతనికి అలవాటు. "మేడమ్ గారూ, కొంచెం పక్కకు జరగండి. మీ టైమ్ ఎక్కువ తీసుకోను" అనేవాడు. రైతులు నవ్వేవాళ్ళు. బర్రె నిజంగానే జరిగేది. దూడ అడ్డం తిరిగినా, ఈనిన తర్వాత మాయ పడకపోయినా అతన్నే పిలిచేవాళ్ళు. అది అతను చేయాల్సిన పని కాదు, అయినా కాదనలేకపోయేవాడు. తొడుగులు అయిపోయిన రోజున ఉత్త చేతులతోనే మాయ తీసేవాడు. చివర్లో బర్రె చెవుల్లోనూ తోక కిందా కరుచుకుని ఉన్న పిడుదుల్ని వేళ్ళతో పెరికి మడమ కింద నలిపేవాడు. తన మెడ మీద ఒకటి పాకుతున్నా దులుపుకుని బండెక్కేవాడు.

నలభై దాటిన మనిషి. భార్య ఏంజెలిన్ తడ దగ్గర చెప్పుల కంపెనీలో పనిచేస్తుంది; తెల్లారేసరికి కంపెనీ బస్సు వచ్చి రోడ్డు మీద హారన్ కొడుతుంది. కూతురు నాయుడుపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో తల్లి ఎలిశబెతు, ఆమెవే రెండు బర్రెలు. ఆదివారం అందరూ చర్చికి పోతారు. జడ్సన్ గొంతు పెద్దది కాబట్టి మగవాళ్ళ వైపు పాట అతనే ఎత్తుకుంటాడు.

జ్వరం మొదట వచ్చింది కరోనా రెండో విడత తగ్గిన ఏడు, వానల్లో. ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు. అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి చుక్కలు లేచాయి. ఊళ్ళో ఉండే ఆర్ఎంపీ చూసి, అప్పట్లో అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. కరోనా పరీక్ష చేయించారు. లేదని వచ్చింది. వారం తిరిగేసరికి చుక్కలు మాసిపోయాయి, జ్వరం దిగింది. ఏదో మాత్ర పడలేదు, అందుకే చుక్కలు వచ్చాయని అనుకున్నారు.

నెల దాటాక మళ్ళీ వచ్చింది. ఈసారి చుక్కలు లేవు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు కాలేది, పొద్దునకు దిండు తడిసిపోయేది. రక్తం పరీక్షలో టైఫాయిడ్ అన్నారు. మందులు వాడాడు, తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పరీక్ష, మళ్ళీ టైఫాయిడ్. సూళ్ళూరుపేటలో ఒక డాక్టరు అది టైఫాయిడ్ కాదు, కరోనా వచ్చిపోయిన వాళ్ళకు కొన్నాళ్ళు నీరసం ఇట్లాగే ఉంటుందన్నాడు. "నాకు కరోనా రాలేదు సార్" అన్నాడు జడ్సన్. తెలియకుండా వచ్చి పోయి ఉంటుందని డాక్టరు సమాధానం. నాయుడుపేటలో ఇంకొకాయన థైరాయిడ్ చూడమన్నాడు. అదీ చూశారు. బాగానే ఉంది. ఎవరి మాట వాళ్ళు చెప్పినప్పుడు సరిగానే ఉన్నట్టు అనిపించేది. ఇంటికొచ్చి అన్నీ కలిపి చూసుకుంటే ఏదీ దేనితోనూ అతికేది కాదు.

జ్వరం కన్నా అతన్ని ఎక్కువ భయపెట్టింది తల. తలలో బురద పోసినట్టు ఉందని ఏంజెలిన్‌తో అన్నాడు ఒకసారి. మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయేది. తాళంచెవి అనబోయి దువ్వెన అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతూ మూడు దార్లు కలిసే చోట బండి ఆపాడు. ఆ దారిన వేలసార్లు తిరిగిన మనిషి. కుడి వైపు వరి పొలాలు, ఎడమ వైపు రొయ్యల గుంటలు, ఎదురుగా కరెంటు స్తంభం మీద ఒక కొంగ. అన్నీ తెలిసినవే. ఏ దారి ఎక్కడికి పోతుందో మాత్రం తెలియలేదు. బండి స్టాండు వేసి, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. ఆటోలో పోతున్న ఎవరో "అన్నా, మా ఇంటికేనా?" అని అరిచారు. అవునన్నట్టు తల ఊపి ఆటో వెనకే పోయాడు. అది అతను పోవాల్సిన ఊరు కాదు. వాళ్ళింట్లో మజ్జిగ తాగి, పని లేదని తెలిసి, ఉత్తినే వచ్చానని చెప్పి తిరిగొచ్చాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి దాని పేరేమిటో అతనికే తెలియలేదు.

చర్చి పాస్టరు పరంజ్యోతి గారు పెద్దాయన, మెత్తని మనిషి. జడ్సన్ పాట ఎత్తుకోవడం మానేసి వెనక బల్ల మీద కూర్చోవడం ఆయన గమనించాడు. సంఘమంతా అతని కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. ఎలిశబెతు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అదే రోజుల్లో ఆర్ఎంపీ కొత్త రకం మాత్రలు ఇచ్చాడు. దేని వల్లనో కానీ జ్వరం ఆగింది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, నెలయింది. దిండు పొడిగా ఉంది. ఆకలి పుట్టింది. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు "జడ్సన్, వచ్చి సాక్ష్యం చెప్పు నాయనా" అన్నారు.

జడ్సన్ ముందుకు వెళ్ళి మైకు పట్టుకున్నాడు. మాటలు తడుముకోకుండా వచ్చాయి. డాక్టర్లు తెలుసుకోలేని జబ్బును దేవుడు ముట్టి బాగుచేశాడని చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. చర్చి మొత్తం "స్తోత్రం" అంది. ఆడవాళ్ళ వైపు ఎలిశబెతు కొంగుతో మొహం కప్పుకుని కూర్చుంది.

ఆ బుధవారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే చలి పుట్టింది. అద్దంలో పెదవులు వణుకుతూ కనిపించాయి. మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు.

సాయంత్రం ఏంజెలిన్ వచ్చి నుదుటి మీద చేయి వేసింది. "మళ్ళా వచ్చినట్టుండాదే?"

"ఎండలో తిరిగినా. అంతే."

"ఇయ్యాల బయటికే పోలేదంట గదా. అత్త చెప్పింది."

"నిన్న తిరిగినా."

ఆమె లోపలికి పోయింది. జడ్సన్ గోడ వైపు తిరిగి పడుకుని ఆలోచించాడు. తన విశ్వాసం చాలలేదా? మాత్రలు అయిపోయాయని మళ్ళీ వచ్చిందా? లేక అప్పుడు తగ్గడమే తగ్గడం కాదా? పాస్టరు గారికి ఏమని చెప్పాలి? అంతమంది ముందు నిలబడి చెప్పిన మాట ఇప్పుడు ఏమయినట్టు? ఏ ప్రశ్న పట్టుకున్నా కాసేపటికి అది ఏ ప్రశ్నో మరిచిపోయేవాడు. ఆ తర్వాత ఆదివారాలు పనులున్నాయని చెప్పి చర్చికి ఆలస్యంగా పోయి, ముందుగా లేచి వచ్చేవాడు. దేవుడు దాచమన్నాడో చెప్పమన్నాడో తెలియని మనిషిలా తిరిగాడు.

అట్లా ఉండగా పద్మనాభయ్య బర్రె సంగతి జరిగింది.

పద్మనాభయ్యది పక్క ఊరు. వరి పొలమూ, దొడ్డి నిండా పశువులూ ఉన్న రైతు. జడ్సన్ అంటే ఇష్టం. ఒక ఉదయం ఫోన్ చేసి, పెద్ద బర్రె పొద్దుట్నుంచి ఒకటే అరుస్తోంది, చూసిపొమ్మన్నాడు. జడ్సన్ వెళ్ళాడు. కళ్ళ ముందు పొగమంచు ఉన్నట్టు ఉంది. బర్రె అరుస్తోంది కాబట్టి ఎదకు వచ్చిందనుకున్నాడు. మామూలుగా ముందు చేయి పెట్టి కడుపు చూస్తాడు. ఆ రోజు చూశాడో లేదో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సూది వేసి వచ్చేశాడు.

మూడో నాడు పద్మనాభయ్య బండేసుకుని ఇంటికే వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"జడ్సన్! బయటికి రా."

జడ్సన్ లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. "ఏందన్నా?"

"బర్రెకి దూడ పడిపోయింది. నెలలు నిండకుండానే. చూడితో ఉండే బర్రెకి సూది ఎట్ల ఏసినావు నువ్వు?"

"చూడితో ఉండిందా?"

"చూడి అని ఎవురు చెప్పినారు నాకు? నువ్వే గదా! ఎండాకాలంలో వచ్చి, చెయ్యి పెట్టి చూసి, మిఠాయి పెట్టించు పద్మనాభన్నా అని నువ్వే గదా చెప్పినావు!"

"నేనా?" అన్నాడు జడ్సన్.

నిజంగా తెలియకే అడిగాడు. కానీ పద్మనాభయ్యకు అది ఎగతాళిలా తగిలింది. మొహం ఎర్రబడింది. "తాగి తిరగతా ఉండావని ఊళ్ళో అంటా ఉంటే నేను నమ్మలేదయ్యా. ఇప్పుడు నమ్మతా ఉండాను" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఎలిశబెతు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కొడుకు మొహంలోకి చూసింది. అతను ఆ ఎండాకాలం రోజును వెతుక్కుంటున్నాడు. మిఠాయి, పద్మనాభన్న నవ్వు, బర్రె వెచ్చదనం, ఏదో ఒకటి దొరుకుతుందని వెతికాడు. ఏదీ దొరకలేదు.

ఆ సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన ఏంజెలిన్‌కు అత్త చెప్పేలోపే దారిలోనే ఎవరో చెప్పారు. ఆమె నేరుగా జడ్సన్ దగ్గరకు వచ్చి, అతని మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె అట్లా ఎప్పుడూ చేయలేదు. ఏ వాసనా లేదు. మంచం అంచున కూర్చుండిపోయింది.

"తాగినావని తెలిసినా బాగుండు" అంది. "ఏందో ఒకటి తెలిసుండును."

"నాకేదో అవతా ఉండాది ఏంజెలిన్" అన్నాడు జడ్సన్. మూడు దార్లు కలిసే చోట నిలబడిపోయిన సంగతి మొదటిసారి చెప్పాడు. జ్వరం అసలు పోలేదని కూడా చెప్పాడు. ఆమె కంపెనీలో సెలవు పెట్టి అతన్ని తిరుపతి తీసుకుపోయింది.

అక్కడ పెద్దాసుపత్రిలో చూసింది బిందు అనే డాక్టరు. చిన్న వయసే. తెచ్చిన కాగితాలన్నీ పక్కన పెట్టి ముందు గుండె వినడం మొదలుపెట్టింది. చాలాసేపు వింది. పడుకోబెట్టి వింది, పక్కకు తిరగమని వింది.

"చిన్నప్పుడు మీకు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా?"

జడ్సన్‌కు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం చిన్నతనం వల్లనా ఇప్పటి తల వల్లనా అని ఒక్క క్షణం తికమకపడ్డాడు. ఏంజెలిన్ అత్తకు ఫోన్ చేసింది. "వచ్చినాయి, మోకాళ్ళు ఇంతింత వాచినాయి. నెలనెలా నెల్లూరు తీసకపోయి సూది ఏపించేదాన్ని. తగ్గిపోయిందని మానిపిస్తిమి" అంది ఎలిశబెతు.

అప్పటి జ్వరం గుండెలో ఒక కవాటాన్ని కొంచెం దెబ్బతీసి ఉంటుందని డాక్టరు చెప్పింది. స్కాన్ తీయించింది. కవాటం మీద ఏదో పట్టుకుని ఉన్నట్టు కనిపించింది. మామూలుగా అక్కడ పెరిగే క్రిముల కోసం రక్తం పరీక్ష చేస్తే ఏమీ పెరగలేదు. అప్పుడు ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని "మీరు చేసే పనేంటి?" అని అడిగింది.

జడ్సన్ చెప్పాడు. సూదులు, దూడలు, మాయ తీయడం.

"పిడుదులు కుడతాయా మిమ్మల్ని?"

జడ్సన్‌కు నవ్వొచ్చింది. "పిడుదులు కుట్టకుండా ఈ పని ఎట్లమ్మా? రోజూ చేత్తో పెరికేదే."

"మొదటి జ్వరంలో అరచేతుల్లో చుక్కలు వచ్చాయన్నారు కదా?"

"వచ్చినాయి."

ఆమె రక్తం వేరే ఊరిలోని ల్యాబుకు పంపించింది. ఫలితం వచ్చేదాకా జడ్సన్ వార్డులో పడుకుని ఫ్యాను వైపు చూస్తూ ఉన్నాడు. పక్క మంచం వాళ్ళు ఏం జబ్బని అడిగితే "ఇంకా తెలీదు" అనేవాడు. అందరికీ ఒక పేరు ఉంది, షుగరనో టీబీ అనో. తనకొక్కడికే లేదు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు బిందు నెమ్మదిగా చెప్పింది. ఒకటి కాదు, రెండు. మొదటిది పిడుదు కుట్టడం వల్ల వచ్చిన చుక్కల జ్వరం. అది వచ్చి, దానంతటదే పోయి, రక్తంలో తన గుర్తు మాత్రం వదిలింది. రెండోదాని పేరు క్యూ జ్వరం. అదీ పిడుదులు పశువు నుంచి పశువుకు మోసే క్రిమే. కానీ మనిషికి ఎక్కువగా ఈనే పశువు ఉమ్మనీటి నుంచీ మాయ నుంచీ ఎగిరే తుంపర్ల వల్ల పట్టుకుంటుంది. అది పోలేదు. దెబ్బతిన్న కవాటం మీద గూడు కట్టుకుంది.

"ఎప్పుడు పట్టుకుందమ్మా? ఏ బర్రె నుంచి?"

"చెప్పలేను."

"మరి టైఫాయిడ్?"

"ఒకసారి వచ్చిందేమో. రాలేదేమో. ఇప్పుడు చెప్పడం కష్టం."

"మధ్యలో నెల రోజులు తగ్గింది గదా?"

"అప్పుడు మీరు వాడిన మాత్రల్లో ఒకటి దీనికి కొంచెం పనిచేసేదే. దానివల్ల కావచ్చు. ఈ జబ్బు దానంతటది కూడా కొన్నాళ్ళు అణిగి ఉంటుంది."

జడ్సన్ పద్మనాభయ్య బర్రె సంగతి చెప్పాడు. దూడ పడిపోయింది తన సూది వల్లనేనా అని అడిగాడు. ఈ క్రిమి ఉన్న పశువులకు కూడా కడుపు పోతుందని ఆమె చెప్పింది. "ఆ బర్రెకు ఉందో లేదో పరీక్ష చేయకుండా తెలియదు. మీ సూది వల్ల కావచ్చు, దీనివల్ల కావచ్చు."

ఇంత పెద్ద ఆసుపత్రిలో, ఇన్ని పరీక్షల తర్వాత కూడా ఇన్ని 'కావచ్చు'లు మిగలడం అతనికి అర్థం కాలేదు. పేరు తెలిస్తే అన్నీ తేటపడతాయనుకున్నాడు. పేరైతే తెలిసింది.

మందు రెండు రకాల మాత్రలు. ఏడాదిన్నర వాడాలి, తప్పితే ఇంకా ఎక్కువ. ఒక మాత్ర వల్ల ఎండలోకి పోకూడదు, పోతే చర్మం కాలుతుంది. ఇంకో మాత్ర వల్ల కళ్ళకు అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకోవాలి. ఈనే పశువు దగ్గరకు పోకూడదు. జడ్సన్ అన్నిటికీ తల ఊపాడు. ఆ సమయంలో ఏంజెలిన్ మందుల షాపు ముందు వరసలో ఉంది.

ఇంటికి వచ్చాక ఫోన్ చేసిన రైతులకు వేరే మనిషి నంబరు ఇచ్చాడు. నైట్రోజన్ క్యాను తిరిగి అప్పగించాడు. ఎండ తగ్గేదాకా వసారాలో కూర్చునేవాడు. తప్పనిసరై బయటకు పోతే నిండు చేతుల చొక్కా, మొహానికి తువ్వాలు. అయినా ముక్కు మీద, చేతుల వెనక చర్మం నల్లగా కమిలింది. అతన్ని చూసి కొందరు తాగుడు వల్లనే అన్నారు, కొందరు ఇంకేదో జబ్బన్నారు. పేరు చెబితే నోరు తిరగక "పిడుదు జ్వరమంట" అని వదిలేసేవాళ్ళు.

మాత్రలు వేడి చేస్తాయని ఎలిశబెతుకు దిగులు. పొద్దునా సాయంత్రమూ తన బర్రెల పాలు కాచి, గోరువెచ్చగా చేసి, పెద్ద గ్లాసు నిండా పోసి మాత్రలతో పాటు కొడుకు చేతికి ఇచ్చేది. "చలవ చేస్తాది, తాగబ్బయా" అనేది. జడ్సన్ తాగేవాడు.

మూడు నెలలయ్యాక తిరుపతి పోయారు. రక్తంలో ఆ జబ్బు గుర్తులు తగ్గాలి. తగ్గలేదు. డాక్టరు బిందు కాగితం తిప్పి తిప్పి చూసింది.

"మాత్రలు మానలేదు కదా?"

"ఒక్క పూట కూడా మానలేదు. మా అమ్మే చేతికిస్తాది."

"దేనితో వేసుకుంటున్నారు?"

"పాలతో."

ఆమె పెన్ను కింద పెట్టింది. "పాలతో వేసుకుంటే ఈ రెంటిలో ఒక మాత్ర ఒంటికి సరిగా పట్టదండీ. పాలు మాత్రను పట్టేసుకుంటాయి. వేసుకున్నట్టే ఉంటుంది, లోపలికి పోవాల్సినంత పోదు. మీకు చెప్పినట్టు గుర్తే!"

చెప్పిందేమో. తను తల ఊపాడేమో. జడ్సన్ ఏంజెలిన్ వైపు చూశాడు, ఆమె అతని వైపు చూసింది. ఎవరిని తప్పుపట్టాలో ఇద్దరికీ తెలియలేదు. బస్సులో వస్తూ ఏంజెలిన్ "అత్తకి చెప్పొద్దు" అంది. "చెప్పకుండా పాలు ఎట్ల మానేది?" అన్నాడు జడ్సన్.

చెప్పారు. ఎలిశబెతు మొదట నమ్మలేదు. "పాలు చెడు చేసేదేందిరా! పాలు తాగే గదా నువ్వు పెరిగినావు" అంది. తర్వాత అర్థమయింది.

"నా చేత్తోనే గదరా మందు చెడగొట్టినాను!"

"అమ్మా, నీకెట్ల తెలుస్తాది? నాకే తెలీదు. పాలు మానమనలే, మాత్రతో మానమన్నారు. మధ్యాన్నం తాగతా."

ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదు. మరుసటి రోజు నుంచి నీళ్ళ గ్లాసు తెచ్చి, అతను మాత్ర మింగేదాకా పక్కనే నిలబడి, గ్లాసులో ఉన్నది నీళ్ళేనా అని ఇంకోసారి చూసుకుని వెళ్ళేది.

ఆ తర్వాత తగ్గడం మొదలైంది. ఎప్పుడు మొదలైందో మాత్రం అతను చెప్పలేడు. జ్వరం వచ్చే సాయంత్రాలు అరుదయ్యాయి, కానీ రాని సాయంత్రం కూడా వస్తుందేమోనని కాచుకుని కూర్చోవడంతోనే గడిచేది. ఒకరోజు గొడ్లచావిడి దాకా ఆయాసం లేకుండా నడిచాడు. మరుసటి రోజు మెట్టెక్కలేకపోయాడు. బాగుపడుతున్నట్టా, లేనట్టా? ఏంజెలిన్ ఫోన్ చేసి "ఎట్లుంది?" అంటే "ఉండాది" అనేవాడు. అంతకు మించి నిజం అతని దగ్గర లేదు.

ఒక సాయంత్రం పాస్టరు గారి ఇంటికి నడిచి వెళ్ళాడు. పరంజ్యోతి గారు వరండాలో కూర్చుని భార్య కొలిచి ఇచ్చిన రాగిజావ తాగుతున్నారు.

"అయ్యగారూ, నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం" అన్నాడు జడ్సన్ కూర్చోకుండానే.

"ఆ ఆదివారం నీకు జ్వరం ఉండిందా?"

"లేదు."

"మరి అబద్ధం ఎట్లయింది?"

"బుధారం వచ్చింది. మీకు చెప్పకుండా దాచినాను."

పాస్టరు గారు పక్కనున్న కుర్చీ చూపించారు. "మనం ప్రార్థన చేసినాం. తగ్గింది. మళ్ళా వచ్చింది. ఎందుకు తగ్గిందో, ఎందుకు వచ్చిందో నన్నడిగితే నాకూ తెలీదు నాయనా. నాకు షుగరు. ఎంతమంది కోసం చేతులు పెట్టి ప్రార్థన చేసినానో లెక్క లేదు. నా మాత్ర నేను ఏసుకుంటానే ఉండాను." గ్లాసు కింద పెట్టారు. "దాచుకోవడం కష్టమైతే చెప్పేయ్. చెప్పడం కష్టమైతే ఊరికే వచ్చి కూర్చో."

ఆ ఆదివారం జడ్సన్ లేచి నిలబడ్డాడు. మైకు దాకా పోలేదు. "జ్వరం మళ్ళా వచ్చింది. అప్పుడే వచ్చింది. మందు వాడతా ఉండాను. తగ్గినట్టే ఉండాది, పూర్తిగా తగ్గలేదు. ప్రార్థన చేయండి" అని కూర్చున్నాడు. దానికి స్తోత్రం అనాలో అనకూడదో ఎవరికీ తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి వెనక నుంచి ఒక ముసలావిడ సందేహంగా "స్తోత్రం" అంది. ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు.

పద్మనాభయ్య దగ్గరకు పోవడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. పోయి అంతా చెప్పాడు: తన తలకు ఏమైందో, ఆ రోజు కడుపు చూశాడో లేదో ఇప్పటికీ గుర్తు లేదని, దూడ పోయింది తనవల్లనో క్రిమి వల్లనో డాక్టరుకే తెలియదని. "బర్రెలకు రక్తం పరీక్ష చేయించు అన్నా. ఈనేటప్పుడు ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. మొహానికి గుడ్డ కట్టుకో" అన్నాడు.

పద్మనాభయ్య అతని కమిలిన చేతుల వైపు చూశాడు. "నీవల్ల కాదని చెప్పుకోను వచ్చినావేమో అనుకున్నా" అన్నాడు.

"అట్ల చెప్పలేను."

"సరే. ఆ నీడలోకి రా, ఎండ తగలకూడదంటివే." ఆ తర్వాత బర్రె మాట ఎత్తలేదు. పూర్తిగా మన్నించాడో, విసిగి వదిలేశాడో జడ్సన్ పోల్చుకోలేకపోయాడు. కానీ టీ తాగే పొమ్మన్నాడు.

పాలతో వేసుకున్న మాత్రల వల్ల ఏడాదిన్నర కాస్తా రెండేళ్ళకు దగ్గరపడింది. గుర్తులు బాగా పడిపోయాయని, స్కాన్‌లో కవాటం శుభ్రంగా ఉందని డాక్టరు బిందు మాత్రలు ఆపించింది. ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోమంది. "తగ్గిపోయిందా?" అని ఏంజెలిన్ అడిగితే, "తగ్గింది. మళ్ళీ రాదని మాత్రం రాసివ్వలేను" అంది. జడ్సన్ ఇప్పుడు పక్క ఊరి పాల కేంద్రంలో పొద్దునా సాయంత్రమూ వెన్నశాతం చూసే పని చేస్తున్నాడు. అది నీడపట్టున చేసే పని. బర్రెలు కనిపించవు, పాలు మాత్రమే వస్తాయి. తనకు బర్రెలతో మాట్లాడటం లేక నోరు కట్టేసినట్టు ఉందని ఏంజెలిన్‌తో అంటుంటాడు.

మొన్నామధ్య ఒక ఉదయం కంపెనీ బస్సు రోడ్డు మీద హారన్ కొడుతోంది. ఏంజెలిన్ ఐడీ కార్డు కనబడలేదు. దిండు కింద, బీరువా మీద, టిఫిన్ సంచిలో, ఎలిశబెతు పెట్టెలో, అన్నిచోట్లా వెతికారు. జడ్సన్ వెతకడం ఆపేశాడు. తనే ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. నిన్న తీశాడా? ఎందుకు తీశాడు? తల మళ్ళీ మొదలైందా? చేయి తనకు తెలియకుండానే నుదుటి మీదకు పోయింది.

"నేనే ఏడో పెట్టినట్టుండాను" అన్నాడు.

"నువ్వెందుకు పెడతావు? నాది" అని ఏంజెలిన్ ఫ్రిజ్ తలుపు తీసింది. పచ్చిమిరపకాయల పక్కన కార్డు ఉంది. నిన్న సాయంత్రం కూరగాయలతో పాటు లోపల పెట్టేసింది. ఆమె నవ్వుతూ కార్డు మెడలో వేసుకుని, చల్లగా తగిలి ఒళ్ళు జలదరించుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బస్సుకు పరిగెత్తింది.

జడ్సన్ వాకిట్లో నిలబడ్డాడు. ఏ జబ్బూ లేని మనుషులు కూడా ఇట్లా మరిచిపోతారన్న సంగతి అతనికి కొత్తగా తోచింది. మరి తను మరిచిపోయేవాటిలో జబ్బు వల్ల మరిచిపోయేవి ఎన్ని, ఊరికే మరిచిపోయేవి ఎన్ని? నుదురు చల్లగానే ఉందో, చేయే వెచ్చగా ఉందో తెలియలేదు. తల్లిని పిలిచి చూడమన్నాడు. ఎలిశబెతు అరచేయి పెట్టి చూసి, తన నుదుటి మీద పెట్టుకుని చూసుకుని, మళ్ళీ అతని నుదుటి మీద పెట్టింది.

"నాలాగే ఉండాది" అంది.

అతను తువ్వాలు భుజాన వేసుకుని పాల కేంద్రానికి బయలుదేరాడు.